ఖాళీ షెడ్డు బరువు

తెరిచి ఉన్న తలుపు కనిపిస్తే స్టోర్‌కీపరు చెయ్యి ఊరుకోదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఒకే ఫ్యాక్టరీలో, ఒకే గోదాములో నట్లకీ బోల్టులకీ కాపలా కాసిన మనిషి. సాయంత్రం సైరను మోగగానే వరసగా పదకొండు తలుపులు మూసి, పదకొండు గడియలు పెట్టి, అప్పుడు గానీ క్యారేజీ చేతిలోకి తీసుకునేవాడు కాదు. లోపల ఎవరైనా ఉన్నారా అని చూసే పని ఆయనది కాదు, వాచ్‌మన్‌ది. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. దారిన పోతూ పక్కింటి గేటు బార్లా తీసి ఉంటే దానికీ గడియ పెట్టి పోయేవాడు. "మీరు పైలోకానికి వెళ్ళినా సరే, లోపలికి పోవడం మర్చిపోయి ముందు దాని తలుపు మూసి వస్తారు" అని భార్య నవ్వేది.

ఆవిడ పోయి పదకొండు నెలలైంది.

వాళ్ళ పెరడు గిన్నెలా పల్లం. వెనక మురుగుకాలువ, దానికో మట్టిగట్టు. కాలువ చెమ్మ ఊరి ఊరి ఎండాకాలంలో కూడా నేల మెత్తగానే ఉండేది. ఆ పెరట్లో ఓ మూల చెక్క గోడల షెడ్డు, పైన రేకులు, కింద నాలుగు రాళ్ళ మీద నిలిచిన పలకల నేల. పలకలకీ మట్టికీ మధ్య నాలుగు వేళ్ళ సందు. అందులో ఆవిడ పుస్తకాలు బైండింగు చేసేది. చిరిగిన పాఠ్యపుస్తకాలు, ఆఫీసు రిజిస్టర్లు, ఎవరివో పెళ్ళి ఆల్బమ్‌లు. ఒక డ్రమ్ము నిండా మైదా జిగురు ఎప్పుడూ ఉండేది. ఆ పులిసిన వాసన ఆవిడ చీరలకీ జుట్టుకీ అంటుకుని ఇంట్లోకి కూడా వచ్చేది.

"గట్టిగా వానపడితే నీళ్ళు లోపలికొస్తున్నాయి, షెడ్డు కాస్త ఎత్తు చేయించండి" అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. ఆయన వచ్చే ఏడాది అన్నాడు. ఏడేళ్ళు అలాగే అన్నాడు. ఎనిమిదో ఏడు కాలువ గట్టు తెగింది.

ఊళ్ళో అందరికీ తెలిసిన కథ ఇది. రిజిస్టర్లు తడిసిపోతాయని ఆవిడ షెడ్డులోకి వెళ్ళింది. చెక్క తలుపు నీళ్ళకి ఉబ్బి బిగుసుకుపోయింది. కిటికీకి ఇనుప ఊచలు. నీళ్ళు కిటికీని దాటి రేకుల దాకా లేచాయి. కూతురు ఆ రోజు మేనమామ ఇంట్లో ఉంది. భర్త ఫ్యాక్టరీ నుంచి తడిసి వచ్చి, భార్య కూడా తమ్ముడి ఇంటికే వెళ్ళిందనుకుని, జ్వరం మాత్ర వేసుకుని మేడమీద పడుకున్నాడు. పాపం, ఆయనకేం తెలుసు?

ఆయనకి తెలిసింది ఇంకొంచెం ఉంది. ఇంటికి వచ్చేసరికి షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటోంది. నీళ్ళు అప్పటికి మడమల దాకానే. ఆయన గొడుగు మెడకీ భుజానికీ మధ్య ఇరికించుకుని, తలుపు మూసి, బయట గడియ పెట్టాడు. లోపలికి చూడలేదు. తర్వాత పడుకున్నాక, వాన హోరులో చప్పుళ్ళు వినిపించాయి. డబ్. డబ్. జిగురు డ్రమ్ము నీళ్ళలో తేలి గోడకి కొట్టుకుంటోంది అనుకున్నాడు.

తెల్లవారి నీళ్ళు తీశాక షెడ్డు దగ్గరికి మొదట వెళ్ళింది ఆయనే. గడియ లోపలి నుంచి తోసిన తోపుకి విల్లులా బయటికి వంగిపోయి ఉంది. సుత్తితో కొడితే గానీ రాలేదు. జనాన్ని పిలవడానికి ముందు ఆయన ఒక పని చేశాడు. ఆ గడియని నాలుగు స్క్రూలతో సహా ఊడదీసి, గుడ్డముక్కలో చుట్టి, షెడ్డు వెనక కుడిమూల పలకల కిందికి చెయ్యి పట్టినంత లోపలికి తోసేశాడు. వారం తర్వాత కొత్త గడియ బిగించాడు. పాతది తుప్పు పట్టిందన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు.

ఏడవలేదని జనం ఆయన్ని రాయి అన్నారు. రాయి కాదు. రాత్రంతా చెయ్యి ఒంటికింద పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి అది మనది కానట్టు ఉంటుంది చూడండి, గిల్లినా తెలియదు... మనిషంతా అలా అయిపోయాడు. తింటే తిన్నట్టు లేదు, పడుకుంటే పడుకున్నట్టు లేదు. ఒక్క విషయం మాత్రం లోపల ఇంకా ఆరకుండా ఉంది. కూతురికి తెలియకూడదు. లోకంలో ఆయనకి మిగిలింది ఆ ఒక్క పిల్లే.

ఆ పిల్లే కూర్చోబెట్టి చెప్పింది. "అమ్మ పని నేను చేస్తాను నాన్నా. సూదీ దారం పట్టడం నాకొచ్చు. ఈ వానలకి ముందే షెడ్డు ఎత్తిద్దాం. జాకీల మేస్త్రితో మాట్లాడాను. రెండున్నర అడుగులు లేపి, కింద ఇటుక దిమ్మెలు కడతాడట."

"పడగొట్టేద్దాం లేమ్మా."

కూతురు ఆయన వంక అదోలా చూసింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుందని ఆయన మళ్ళీ నోరెత్తలేదు. షెడ్డు లేస్తే కింద ఏముందో అందరికీ కనిపిస్తుంది. అంతకుముందే తీసేద్దామని రెండు సార్లు వెళ్ళి, నేల మీద బోర్లా పడుకుని, కర్రతో కెలికాడు. కర్రకి మట్టి తప్ప ఏమీ తగల్లేదు.

మేస్త్రి వచ్చాడు. పొట్టిగా, గుండ్రంగా, జాకీల కంటే కాస్త ఎత్తుగా ఉన్నాడు. వస్తూనే కాలి బొటనవేలితో నేలని నొక్కి చూశాడు.

"మెత్తన. మరీ మెత్తన. ఒక్కో జాకీ కింద రెండేసి పలకలు పరవాలి. ఇలాంటి నేలకి అబద్ధం రాదన్నా. మీద ఎంత బరువుంటే అంత దిగి చూపిస్తుంది."

నాలుగు మూలలా నాలుగు జాకీలు పెట్టాడు. ముందు ఎడమమూల మేస్త్రి, ముందు కుడిమూల స్టోర్‌కీపరు బావమరిది, వెనక ఎడమమూల కూతురు. వెనక కుడిమూల ఎవరికీ ఇవ్వకుండా స్టోర్‌కీపరే వెళ్ళి కూర్చున్నాడు.

"చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాం బావా" అన్నాడు బావమరిది, ఎవరినీ తప్పుపట్టకుండానే. అక్క పోయాక అతని మాటలన్నీ సగంలోనే తడి అయిపోయేవి.

"వినండి" అన్నాడు మేస్త్రి. "కూర్చుంటే ఒకరికొకరు కనపడరు. అందుకని నోటితోనే పని. నేను 'తిప్పు' అంటాను. తలా పావు చుట్టు తిప్పాలి. తిప్పాక నేను ఒకటి అంటాను, తమ్ముడు రెండు, అమ్మాయి మూడు, అన్న నాలుగు. నాలుగూ వినపడితేనే మళ్ళీ తిప్పమంటాను. లోపల అన్నీ తీసేశారుగా?"

"బల్ల, ప్రెస్సు, డ్రమ్ము అన్నీ వరండాలో ఉన్నాయి" అంది కూతురు.

"అయితే తలుపు బిగించాలి. తెరిచి ఉంటే చట్రం వంకర పోతుంది. గడియ పెట్టండన్నా."

మేస్త్రి మాట పూర్తి కాకముందే ఆయన చెయ్యి గడియ పెట్టేసింది. పెట్టాక గుర్తొచ్చింది, ఈసారి కూడా లోపలికి చూడలేదని.

మధ్యాహ్నం మూడు దాటింది. ఎండ ఉండాల్సిన వేళ. కానీ కాలువ అవతల నుంచి ఓ మబ్బు, బూడిద రంగులో, ఇంటి కప్పుల మీదుగా నెమ్మదిగా పాకుతూ వచ్చి పెరడు మీద ఆగింది. గాలి లేదు. గ్రీజు వాసన, తుప్పు వాసన, ఏళ్ళ తరబడి వెలుతురు చూడని మట్టి వాసన కలిసి ముక్కుకి పట్టేశాయి.

"తిప్పు."

"ఒకటి."

"రెండు."

"మూడు."

"నాలుగు" అన్నాడు ఆయన.

చెక్క ఒక్కసారి మూలిగింది. షెడ్డు రాళ్ళని వదిలింది.

"లేచింది!" అని కూతురు చిన్నపిల్లలా అరిచింది. ఆ గొంతులో సంతోషం వినపడి ఎన్నాళ్ళైందో. ఆయనకి సంతోషించాలని తెలిసింది. సంతోషం మాత్రం రాలేదు.

తిప్పు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. తిప్పు, ఒకటి, రెండు, మూడు, నాలుగు. ప్రతి రెండంగుళాలకీ ఆగి, కింద చెక్క దిమ్మలు సర్ది, మళ్ళీ తిప్పు. సందు పెరుగుతోంది. జానెడు. జానెడున్నర. ఆయన కడ్డీ తిప్పుతూనే తల వంచి కిందికి చూస్తున్నాడు. కింద ఉన్నది మామూలు నీడలా లేదు, పట్టపగలే అక్కడ కంటికి ఏమీ ఆనలేదు.

ఎన్నో తిప్పుకో మరి... ఆయన "నాలుగు" అన్న వెంటనే షెడ్డులోంచి చిన్న చప్పుడైంది.

డబ్.

"ఏంటది?" అన్నాడు బావమరిది.

"చెక్క సర్దుకుంటోంది లే" అన్నాడు మేస్త్రి. "తిప్పు."

"ఒకటి."

"రెండు."

"మూడు."

"నాలుగు."

డబ్.

ఆయన వరండా వైపు చూశాడు. జిగురు డ్రమ్ము అక్కడే, బోర్లించి ఉంది.

ఇంకో నాలుగు తిప్పులు. నాలుగు చప్పుళ్ళు. తర్వాత మేస్త్రి ఆగిపోయాడు.

"అమ్మాయీ... నీ జాకీ బరువెక్కిందా?"

"అవును బాబాయ్. ఇప్పుడే. కడ్డీ కదలట్లేదు."

"నాది తేలికైపోయింది" అన్నాడు మేస్త్రి. గొంతు తగ్గింది. "ఇందాక నా దగ్గర ఉన్న బరువు... అటు వచ్చింది."

"అంటే?" అంది కూతురు.

"ఇప్పుడు నా దగ్గరికొచ్చింది మేస్త్రీ" అన్నాడు బావమరిది. "నా జాకీ కింద పలకలు దిగిపోతున్నాయి."

ఎవరూ కడ్డీలు ముట్టుకోలేదు. నలుగురూ నాలుగు మూలలా గొంతుక్కూర్చుని విన్నారు. నేల పలక ఒకటి కిర్రుమంది. ఆగి, దాని పక్క పలక. ఆగి, ఇంకో పలక. ముందు కుడిమూల నుంచి వెనక కుడిమూల వైపు... ఆయన మూల వైపు.

"లోపల ఎవరున్నారన్నా?" మేస్త్రి గుసగుసగా అడిగాడు. "ముప్పై ఇళ్ళు ఎత్తాను. చెక్క బరువు నడవదు. ఇది మనిషి బరువు."

ఆయన జాకీ కింద పలక కిచుక్కుమని మట్టిలోకి వేలెడు దిగింది. తల పైన, చెక్కకి అవతల, బరువు ఆగి ఉంది.

ఆయనకి భయం వేయలేదు. భయం ఉండాల్సిన చోట కూడా తిమ్మిరే ఉంది. ఒకటే ఆలోచన. అందరూ తలుపు వైపు వెళ్తున్నారు, ఇప్పుడే సమయం. నేల మీద బోర్లా పడుకుని, సందులోకి చెయ్యి భుజం దాకా దూర్చాడు. చల్లటి మట్టి. ఓ ఇటుకముక్క. ఇంకా లోపలికి... వేళ్ళకి ఏమీ తగల్లేదు. వెనక్కి లాగబోయాడు.

అరచేతిలో ఎవరో ఏదో పెట్టారు.

దొరకడం కాదు. పెట్టారు. పెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశారు. భార్య మాత్రలు చేతిలో పెట్టి ఎలా మూసేదో అలా.

చెయ్యి బయటికి తీశాడు. గుడ్డముక్క. పదకొండు నెలల కిందట తను కట్టిన ముడి అలాగే ఉంది. నీళ్ళు కారుతున్నాయి. పులిసిన జిగురు వాసన... ఈ పొద్దున కలిపినట్టు తాజాగా. ముడి విప్పకుండానే వేళ్ళతో తడిమాడు. లోపల ఏమీ లేదు.

"నాన్నా, ఇటు రా" అని కూతురు పిలిచింది.

గుడ్డ జేబులో కుక్కుకుని వెళ్ళాడు. మేస్త్రి ఒక పెట్టె మీద నిలబడి బయటి గడియ తీశాడు. తలుపు లాగాడు. రాలేదు. బావమరిది కూడా చెయ్యి వేసి లాగాడు. తలుపు కదిలింది గానీ రాలేదు, అవతల ఏదో అడ్డం ఉన్నట్టు.

"ఉబ్బిందా?" అన్నాడు బావమరిది.

"నెలరోజుల నుంచి చుక్క వాన లేదు, ఏం ఉబ్బుతుంది?" మేస్త్రి పక్కకి జరిగి, కిటికీ ఊచల్లోంచి టార్చి లోపలికి వేసి, మెడ వంచి తలుపు లోపలి వైపు చూశాడు.

"ఎవరూ లేరు" అన్నాడు. "లోపల గడియ వేసి ఉంది."

"మా షెడ్డుకి లోపల గడియ లేదు" అంది కూతురు.

"ఉందమ్మా. పాతది. ఆకుపచ్చ రంగు."

కూతురు టార్చి లాక్కుని పెట్టె ఎక్కింది. "ఇది... ఇది బయట ఉండేది కదా? కిటికీకి వేసిన రంగు మిగిలితే అమ్మే దీనికి వేసింది. నాన్నా, తుప్పు పట్టిందని పారేశానన్నావు?"

ఆయన చెయ్యి జేబు మీదికి పోయింది.

"తుప్పేం లేదు" అన్నాడు మేస్త్రి, పాపం పనివాడి అమాయకత్వంతో. "వంగింది. బయట గడియ పెట్టి ఉన్నప్పుడు లోపలి నుంచి మనిషి బలంకొద్దీ తోస్తే అలా వంగుతుంది. ఒక్కసారి తోస్తే వంగదు. చాలాసేపు తొయ్యాలి."

అన్నాక అర్థమైంది అతనికి, తను ఏం అన్నాడో. నాలుక కరుచుకున్నాడు.

కూతురు పెట్టె దిగింది. తండ్రి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆయన జేబులోంచి నీళ్ళు కారి పంట్లాం మోకాలి దాకా తడిసింది. ఆ పిల్ల కళ్ళు ఆ తడి మీద ఆగి, మళ్ళీ మొహం మీదికి వచ్చాయి.

"తలుపు ఉబ్బిందన్నావు."

"ఉబ్బలేదు."

"మరి?"

ఇన్నాళ్ళూ గొంతులో అడ్డం పెట్టుకున్నది అంత తేలిగ్గా బయటికొస్తుందని ఆయన అనుకోలేదు. "గడియ నేనే పెట్టాను. లోపల ఉందని తెలీదమ్మా."

"చప్పుడు వినపడలేదా?"

"వినపడింది. డ్రమ్ము అనుకున్నాను."

బావమరిది నేల మీద కూలబడిపోయాడు. కూతురు ఏడవలేదు. ఆయన కళ్ళ ముందే ఆ పిల్ల మొహంలో ఒక్కొక్కటీ ఆరిపోయి, తను రోజూ అద్దంలో చూసుకునే మొహం వచ్చేసింది. అది చూశాక ఆయనకి లోపల ఎక్కడో చిన్న నొప్పి కలిగింది. పదకొండు నెలల్లో మొదటిసారి.

అప్పుడు లోపల గడియ కదిలింది.

కిర్ర్... ఆగి... కిర్ర్... వంగిన ఇనుము చెక్కని గీరుకుంటూ నెమ్మదిగా వెనక్కి జరుగుతోంది. టక్‌మని చివరి చప్పుడైంది. తలుపు దానంతటదే బయటికి తెరుచుకుంది.

లోపల ఖాళీ. పొడి పలకల నేల. తలుపు లోపలి వైపు గడియ లేదు. నాలుగు స్క్రూ రంధ్రాలు మాత్రం ఉన్నాయి. వాటిలోంచి కొత్త చెక్కపొట్టు ఇంకా రాలుతోంది.

మేస్త్రి తన జాకీ కడ్డీని పట్టుకుని కొంచెం కదిపాడు. తర్వాత బావమరిది మూలకి వెళ్ళి కదిపాడు. వెనక రెండు మూలలకీ వెళ్ళి వచ్చాడు.

"బరువు దిగిపోయింది" అన్నాడు. "నాలుగు మూలలా లేదు. ఉత్త చెక్కే."

"ఎటు పోయింది?" అని బావమరిది అడిగాడు.

మొదటి చినుకులు పడ్డాయి. కూతురు వెనక్కి తిరిగి ఇంటి వైపు నడిచింది. బావమరిది లేచి ఆ పిల్ల వెనకాలే వెళ్ళాడు. వంటింటి తలుపు మూసుకుంది. లోపలి నుంచి గడియ పడిన చప్పుడు పెరటి దాకా వినిపించింది. స్టోర్‌కీపరు ఆ తలుపు దాకా వెళ్ళాడు. తట్టడానికి చెయ్యి ఎత్తాడు. ఏమని తట్టాలో తెలియలేదు. దించేసుకుని, మళ్ళీ షెడ్డు దగ్గరికే వచ్చాడు.

మేస్త్రి కూలీ మాట ఎత్తలేదు. జాకీలు కూడా తీయలేదు. ప్రాణం పోయినా జాకీలు వదలని మనిషి, సంచీ ఒక్కటి భుజాన వేసుకుని గేటు వైపు గబగబా నాలుగడుగులు వేసి, ఎందుకో ఆగి నేల వంక చూశాడు. ఇంటి వైపు వెళ్ళిన కూతురి అడుగులు చెప్పు అంచు పడినంత. బావమరిదివి ఇంకాస్త. వాటి పక్కనే స్టోర్‌కీపరు అడుగులు వంటింటి దాకా వెళ్ళి వచ్చాయి. ఒక్కొక్కటి బెత్తెడు లోతు. అడుగు తీసిన చోటల్లా నీళ్ళు ఊరి నిలిచాయి.

"అన్నా" అన్నాడు మేస్త్రి, దూరం నుంచే. "మీకేం... బరువుగా లేదూ?"

"లేదే" అన్నాడు ఆయన.

నిజమే చెప్పాడు. చీలమండల దాకా మట్టిలో దిగిపోయి నిలబడ్డా, ఆయనకి ఏమీ తెలియడం లేదు. మెడ దగ్గర మాత్రం కాస్త తడిగా ఉంది. వానేమో అనుకున్నాడు. షెడ్డు తలుపు గాలికి కొట్టుకుంటోంది. ఆయన చెయ్యి ఊరుకోలేదు, వెళ్ళి గడియ పెట్టింది.